కర్నూలులో ఇల్లు ఎక్కడ తీసుకోవాలి? పాతబస్తీ, గాంధీనగర్, క్యాంపులు, నంద్యాల చెక్‌పోస్టు, కల్లూరు: ఏది ఎవరికి నప్పుతుంది

ఏప్రిల్ వచ్చిందంటే నాకు ఇవే ఫోన్లు. ఆదోని నుంచి కూతుర్ని ఇంటర్‌లో చేర్పించడానికి వస్తున్న మేనత్త కొడుకు, బదిలీ మీద వస్తున్న పాత స్నేహితుడు, వాళ్ళమ్మకు డయాలసిస్ కోసం పత్తికొండ వదిలి రావాల్సి వచ్చిన ఒక టీచరమ్మ. అందరిదీ ఒకటే మాట: "అన్నా, కర్నూల్లో బాడుగిల్లు ఎక్కడ చూసుకోమంటావ్?"

ముగ్గురికీ మూడు వేర్వేరు చోట్లు చెప్పాను. కానీ ముగ్గురినీ ముందుగా అడిగింది మాత్రం ఒకటే. ఎంత బాడుగలో కావాలని కాదు, చూసిన ఇంట్లో నీళ్ళ సంగతి కనుక్కున్నారా అని.

## మొదట నీళ్ళు

కర్నూలు తుంగభద్ర ఒడ్డున ఉంది. హంద్రీ వచ్చి ఇక్కడే తుంగభద్రలో కలుస్తుంది. కె.సి. కెనాల్ ఊరి మధ్యలోంచి పారుతుంది. ఇన్ని నీళ్ళ మధ్య ఉండి కూడా ఏప్రిల్, మే నెలల్లో కుళాయి కోసం ఎదురుచూస్తాం. వానాకాలం చివర్లో నది వైపు చూసి భయపడతాం. ఈ రెండూ తెలియకుండా కర్నూల్లో ఇల్లు తీసుకోకూడదు.

నేను పుట్టి పెరిగింది పాతబస్తీలో. 2009 అక్టోబరు 2న వరదలో మా గేరిలోకి (సందులోకి) నీళ్ళు వచ్చినప్పుడు మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మోకాళ్ళ దాకా వచ్చి తగ్గిపోతాయనుకున్నాం. గంటల్లోనే గడప దాటి, కిటికీ దాటి, ఫ్యాను దాకా వచ్చాయి. పక్కింటి మిద్దె ఎక్కి రెండు రాత్రులు గడిపాం. అమ్మ పెళ్ళినాటి పెట్టె, నాన్న లెక్కల పుస్తకాలు, బియ్యం బస్తాలు అన్నీ బురదలో కలిసిపోయాయి. నీళ్ళు దిగాక గోడ మీద మిగిలిన గీతను నాన్న చాలా ఏళ్ళ వరకు సున్నం కొట్టనివ్వలేదు.

ఆ రోజు జరిగింది ఒక్క నది పొంగడం కాదు. పైనుంచి తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి వచ్చాయి. కింద శ్రీశైలం డ్యామ్ నిండిపోయి ఉంది. దాని పూర్తి నీటిమట్టం 885 అడుగులైతే ఆ రోజుల్లో 896 దాటింది. కిందికి పోవాల్సిన నీళ్ళకు దారి లేక ఊళ్ళోకి ఎగదన్నాయి. అందుకే ఇల్లు చూసేటప్పుడు "నది ఎంత దూరం?" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. "2009లో ఈ వీధిలో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయి?" అని అడగాలి. ఓనర్‌ని కాదు, వీధి చివర కిరాణా కొట్టు పెద్దాయన్ని అడగండి. ఆయన గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు.

ఇక వేసవి. నగరానికి తాగునీరు తుంగభద్ర నుంచే. ఆ నది మీది సుంకేసుల బ్యారేజీలో పట్టేది 1.2 టీఎంసీలే. నది ఎండిపోయిన సంవత్సరాల్లో హంద్రీ మీది గాజులదిన్నె ప్రాజెక్టు వైపు చూడాల్సి వస్తుంది. పైపులైను చివర్లో ఉన్న కాలనీలకు ఆ కష్టం ముందు తగులుతుంది. బోరు ఉంది కదా అని ధైర్యం చెప్పే ఓనర్లు చాలామంది. కానీ చాలాచోట్ల బోరునీళ్ళు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. బకెట్ అడుగున తెల్లటి పొర కడుతుంది. తాగడానికి ఎలాగూ క్యాన్ కొనాల్సిందే.

పెళ్ళయ్యాక మేం మారిన రెండో ఇంట్లో "ఇరవై నాలుగు గంటలూ నీళ్ళు" అని చెప్పి అడ్వాన్స్ తీసుకున్నారు. నాలుగు పోర్షన్లకు ఒకటే సంపు, ఒకటే మోటారు అన్న సంగతి చెప్పలేదు. ఏప్రిల్ రెండో వారానికి బోరు ఎండింది. ట్యాంకర్ ఖర్చు నలుగురికీ పంచారు. నా భార్య తెల్లారుజామున లేచి బిందెలు నింపుకుని, తర్వాత బడికి వెళ్ళి పాఠాలు చెప్పేది. ఆ రెండు నెలలు ఆమె పడ్డ కష్టం నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే బాడుగ వెయ్యి తక్కువని సంతోషపడే ముందు ఈ లెక్క వేసుకోమంటాను.

## తర్వాత చూడాల్సినవి

రోజూ పోయే దారి. ఇంట్లో ఎక్కువసార్లు బయటికి వెళ్ళేది ఎవరో చూడండి. చాలా ఇళ్ళలో అది ఉద్యోగం చేసే మగమనిషి కాదు. బడికి పోయే పిల్లలు, ఆసుపత్రికి పోయే పెద్దవాళ్ళు, కూరగాయలకు పోయే ఆడవాళ్ళు. బండి ఉన్నవాళ్ళు నాలుగు కిలోమీటర్లు ఎక్కువైనా పోగలరు. షేర్ ఆటో మీద ఆధారపడేవాళ్ళు రాత్రి ఎనిమిది దాటాక ఆ రూట్‌లో ఆటోలు తిరుగుతాయో లేదో చూసుకోవాలి.

సొంతూరి దారి. దీన్ని చాలామంది మరిచిపోతారు. కర్నూలుకు వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి ఊళ్ళో పొలం ఉంటుంది, ముసలివాళ్ళు ఉంటారు, నెలకు రెండుసార్లయినా పోవాలి. ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు వైపు వాళ్ళకు బళ్ళారి చౌరస్తా దగ్గరైతే సుఖం. డోన్, వెల్దుర్తి వైపు వాళ్ళకు కల్లూరు. ఓర్వకల్లు, నంద్యాల వాళ్ళకు చెక్‌పోస్టు వైపు. ఊరికి ఎదురు దిక్కున ఇల్లు తీసుకుంటే ప్రతిసారీ బస్సు ఎక్కేముందు ఊరంతా దాటాలి.

ఎండ. మే నెలలో పడమటి గోడకు నేరుగా ఎండ తగిలే పై అంతస్తు ఇంట్లో చిన్నపిల్లల్ని, గుండెజబ్బు ఉన్నవాళ్ళని ఉంచడం ప్రమాదం. కరెంటు బిల్లు సంగతి తర్వాత. అదే ఇంట్లో కింది పోర్షన్ ఖాళీగా ఉంటే బాడుగ కొంచెం ఎక్కువైనా దానికే మొగ్గండి. అయితే నదికి దగ్గరి వీధుల్లో ఇదే మాట తిరగబడుతుంది. అక్కడ పై అంతస్తే మేలు. ఎండా, వరదా రెండూ ఒకే ఇంట్లో మనకు అనుకూలంగా దొరకడం కష్టం. ఇంట్లో ఎవరున్నారో చూసి ఏదో ఒకటి వదులుకోవాలి.

## పాతబస్తీ

కొండారెడ్డి బురుజు చుట్టూ, పెద్దమార్కెట్, పూలబజార్, చిత్తారిగేరి, పెద్దపడఖానా. నగరంలో తక్కువ బాడుగలు ఇక్కడే. తక్కువ ఖర్చుతో తిని బతకగలిగేదీ ఇక్కడే. పొద్దున ఆరింటికి ఉగ్గాని బజ్జీ, సాయంత్రం జొన్నరొట్టె, రాత్రి పదకొండుకు కూడా టీ దొరుకుతుంది. కూరగాయలు, బట్టలు, పాత్రలు, మందులు అన్నీ నడిచి తెచ్చుకోవచ్చు. ఉస్మానియా కాలేజీ ఇక్కడే ఉంది. పాత ఇళ్ళలో మందపాటి గోడలు, బేతంచెర్ల నాపరాళ్ళ నేల. మే నెల మధ్యాహ్నం కూడా కింద చాప వేసుకుని పడుకోవచ్చు. కొత్త అపార్ట్‌మెంట్లలో ఈ చల్లదనం లేదు.

ఇరుగుపొరుగు అంటే ఏమిటో ఇక్కడే నేర్చుకున్నాను. వరద రోజున మమ్మల్ని మిద్దె మీదికి లాగింది పక్కింటి ముస్లిం కుటుంబం. రంజాన్‌కు వాళ్ళింటి నుంచి షీర్‌ఖుర్మా, ఉగాదికి మా ఇంటి నుంచి పోళీలు ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాయి.

అయినా నా చెల్లెలికి మాత్రం ఇక్కడ ఇల్లు చూడలేదు. గేరుల్లోకి అంబులెన్స్ రాదు. కారు ఉంటే ఎక్కడో వదిలి నడవాలి. కాలువలు నిండితే వాన నీళ్ళు వీధిలోనే నిలుస్తాయి. 2009 లాంటిది మళ్ళీ రాకపోవచ్చు, వస్తే మొదట తగిలేది ఇక్కడే. తీసుకోవాలనుకుంటే పై అంతస్తు చూసుకోండి. సర్టిఫికెట్లు, పొలం పత్రాలు ఇంకో బంధువుల ఇంట్లో పెట్టండి.

నదికి ఆనుకున్న సంకల్‌భాగ్ వైపు వీధులు కొంచెం విశాలంగా, ప్రశాంతంగా ఉంటాయి. సాయంత్రం ఘాట్ దాకా నడవొచ్చు. వరద మాట మాత్రం అక్కడా అంతే.

## గాంధీనగర్, పార్కు రోడ్డు, ఎన్.ఆర్.పేట, రాజ్‌విహార్

ఊరికి నడిబొడ్డు. ప్రైవేటు ఆసుపత్రులు, స్కానింగ్ సెంటర్లు, మందుల షాపులు, కోచింగులు అన్నీ చుట్టూ. వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి పోవాల్సిన మనిషి ఇంట్లో ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా ఈ వైపు చూడమంటాను. పత్తికొండ టీచరమ్మకు చెప్పింది ఇదే. చిన్న ఇల్లే దొరికింది, బాడుగ ఆమె అనుకున్నదానికన్నా ఎక్కువే అయింది. కానీ డయాలసిస్ అయ్యాక నీరసంగా ఉన్న తల్లిని ఐదు నిమిషాల్లో మంచం మీద పడుకోబెట్టగలుగుతోంది. పెద్దాసుపత్రిలో, అంటే సర్కారు ఆసుపత్రిలో చూపించుకునేవాళ్ళకు బుధవారపేట వైపు ఇళ్ళు కూడా ఇలాగే పనికొస్తాయి. అటు గద్వాల నుంచి ఇటు ఆళ్ళగడ్డ దాకా రోగులు వచ్చే ఆసుపత్రి అది. ఓపీ చీటీ కోసం పొద్దున్నే లైన్లో నిలబడాలంటే దగ్గర్లో ఉండటమే మేలు.

శబ్దం, పార్కింగ్, దుమ్ము భరించాలి. పాత ఇళ్ళను పోర్షన్లుగా చీల్చి బాడుగకిస్తారు కాబట్టి గాలి, వెలుతురు తక్కువ. వరద నీళ్ళ విషయం వీధి వీధికీ వేరు, ఇక్కడా అడిగి తీరాలి. వినాయక చవితి నిమజ్జనం రోజున కె.సి. కెనాల్ మీది వినాయక ఘాట్‌కు విగ్రహాలన్నీ వెళ్తాయి. ఆ దారిలో ఇల్లయితే ఆ ఒక్కరోజు పండగ ఇంటి ముందే. రోగులున్న ఇల్లయితే ముందే ఏర్పాటు చేసుకోవాలి.

## ఏ, బీ, సీ క్యాంపులు

1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని. అప్పుడు వచ్చిన ఉద్యోగులకు గుడారాలు వేసి, క్వార్టర్లు కట్టిన చోట్లే ఈ క్యాంపులు. ఆ పేర్లే ఇప్పటికీ నిలిచిపోయాయి. ప్లాను వేసి కట్టిన చోటు కాబట్టి రోడ్లు వెడల్పు, చెట్లు ఉన్నాయి, నేల పాతబస్తీకన్నా మెరక. బీ క్యాంపులో సిల్వర్ జూబ్లీ కాలేజీ, సీ క్యాంపులో రైతుబజారు. పొద్దున నడకకు వచ్చే రిటైర్డ్ ఉద్యోగులను చూస్తే ఇక్కడి జీవితం ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

నన్నడిగితే ముసలివాళ్ళూ చదువుకునే పిల్లలూ ఇద్దరూ ఉన్న ఇంటికి కర్నూల్లో అన్నిటికన్నా నప్పే చోటు ఇదే. చిక్కల్లా ఇల్లు దొరకడమే. టూలెట్ బోర్డు పెట్టేలోపే ఎవరో ఒకరు వచ్చేస్తారు. బ్రోకర్‌ను నమ్ముకోవడం కన్నా రెండు ఆదివారాలు వీధులు తిరిగి, ఇస్త్రీ బండి దగ్గర, పాలకేంద్రం దగ్గర చెప్పి పెట్టడం మంచిది. నా స్నేహితుడికి సీ క్యాంపు ఇల్లు అలాగే దొరికింది. ఇస్త్రీ చేసే ఆమె ఫోన్ చేసి చెప్పింది.

## నంద్యాల చెక్‌పోస్టు, వెంకటరమణ కాలనీ వైపు

పదిహేను ఇరవై ఏళ్ళలో అపార్ట్‌మెంట్లు బాగా లేచిన దిక్కు. జి.పుల్లారెడ్డి ఇంజినీరింగ్ కాలేజీ, రాయలసీమ యూనివర్సిటీ ఈ రోడ్డు మీదే. 2021 మార్చిలో మొదలైన ఓర్వకల్లు విమానాశ్రయానికి పోయేదీ ఈ దారినే. ఇద్దరూ ఉద్యోగం చేసే చిన్న కుటుంబాలకు, వాచ్‌మన్, లిఫ్టు, కారు పార్కింగ్ కావాలనుకునేవాళ్ళకు బాగుంటుంది. కానీ బాడుగతో పాటు మెయింటెనెన్స్ కలిపి లెక్కేయండి. వేసవిలో ట్యాంకర్ వస్తే ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లోనా, విడిగానా అన్నది ముందే తేల్చుకోండి. చెక్‌పోస్టు దగ్గర రోడ్డు దాటడం పిల్లలకు, పెద్దవాళ్ళకు కష్టం. స్కూలు రోడ్డుకు అవతల ఉంటే రోజూ మీరే దాటించాలి.

## కల్లూరు, కల్లూరు ఎస్టేట్, చెన్నమ్మ సర్కిల్

ఒకప్పుడు పక్క ఊరు, ఇప్పుడు కార్పొరేషన్‌లో భాగం. కార్పొరేషన్ ఒకటే అయినా అసెంబ్లీకి ఇది పాణ్యం నియోజకవర్గం. ఓటు, కొన్ని అర్జీల విషయంలో ఈ తేడా తెలుస్తుంది. సొంతంగా ఇల్లు కట్టుకున్న మధ్యతరగతి ఎక్కువ. అదే డబ్బుకు గాంధీనగర్‌లో రెండు గదులొస్తే ఇక్కడ ముందు కాస్త ఖాళీ స్థలం, మల్లెపందిరి, బండి పెట్టుకునే చోటుతో సహా వస్తుంది. ఊరు వదిలి రావడానికి మనసొప్పని పెద్దవాళ్ళు ఇలాంటి చోట త్వరగా కుదురుకుంటారు. మా మామయ్య వెల్దుర్తి నుంచి వచ్చి రెండు బర్రెలు లేవన్న బెంగ తప్ప ఇంకే ఇబ్బందీ లేకుండా ఇక్కడే ఉన్నారు.

కానీ కల్లూరంతా ఒకటి కాదు. పాత కల్లూరు వీధులు వేరు, ఎస్టేట్ వేరు, చివర్లో కొత్తగా లేచిన కాలనీలు వేరు. హంద్రీ వైపు వీధుల్లో వరద ప్రశ్న తప్పకుండా అడగాలి. కొత్త కాలనీల్లో డ్రైనేజీ కాలువ ఎక్కడిదాకా తవ్వారో కళ్ళతో చూడాలి. కాలువ లేనిచోట పక్క ఖాళీ ప్లాటే చెరువవుతుంది, దోమలు, జ్వరాలు. వీధిలైట్లు, రాత్రిపూట ఆటోలు చూసుకోకపోతే ఆడపిల్లలున్న ఇంట్లో రోజూ టెన్షనే.

హంద్రీ అవతలి జోహరాపురం బాడుగ తక్కువ, పాతబస్తీలో పనిచేసేవాళ్ళకు దగ్గర. నది దాటే దారి మీద ఆధారపడాలి కాబట్టి చిన్నపిల్లలున్నవాళ్ళకు రెండోసారి ఆలోచించమంటాను.

## ఒకచోట చూస్తే

| ప్రాంతం | వేసవి నీళ్ళు | వరద | బాడుగ | దగ్గరగా ఉండేవి | ఎవరికి |
|---|---|---|---|---|---|
| పాతబస్తీ | ఫర్వాలేదు, ప్రెషర్ తక్కువ | అన్నిటికన్నా ఎక్కువ భయం | తక్కువ | మార్కెట్లు | చిన్న వ్యాపారులు, తక్కువ ఆదాయం |
| గాంధీనగర్, ఎన్.ఆర్.పేట | ఫర్వాలేదు | వీధిని బట్టి | ఎక్కువ | ఆసుపత్రులు, కోచింగులు | రోగులున్న ఇళ్ళు, ఏడాది రెండేళ్ళ చదువులు |
| క్యాంపులు | మేలు | తక్కువ | మధ్యస్థం నుంచి ఎక్కువ | కాలేజీ, రైతుబజారు | మూడు తరాల కుటుంబాలు |
| నంద్యాల చెక్‌పోస్టు వైపు | బోరు, ట్యాంకర్ చూసుకోవాలి | తక్కువ | ఎక్కువ, పైన మెయింటెనెన్స్ | ఇంజినీరింగ్ కాలేజీ, హైవే | ఉద్యోగ దంపతులు |
| కల్లూరు | కాలనీని బట్టి చాలా తేడా | హంద్రీ వైపు చూసుకోవాలి | మధ్యస్థం | డోన్ దారి | సొంతింటి ఆశ ఉన్నవాళ్ళు, పల్లె నుంచి వచ్చే పెద్దవాళ్ళు |

ఈ పట్టిక దారి చూపడానికే. ఒకే కాలనీలో ఎదురెదురు ఇళ్ళకు కూడా నీళ్ళలో తేడా ఉంటుంది.

## కొనేవాళ్ళకు

బాడుగిల్లు నచ్చకపోతే రెండు నెలల్లో మారొచ్చు. ప్లాటు అలా కాదు. పెద్దపాడు, దిన్నెదేవరపాడు, తాండ్రపాడు, మునగాలపాడు దిక్కుల్లో వెంచర్లు వేస్తున్నారు. కర్నూలుకు రాజధాని, హైకోర్టు వస్తాయన్న మాట వినపడ్డప్పుడల్లా "ఇప్పుడు కొనకపోతే ఇక దొరకదు" అని తొందరపెడతారు. ప్రకటనను నమ్మి కొనకండి. ఈరోజు అక్కడ ఉన్న రోడ్డు, కరెంటు స్తంభం, నీటి పైపు చూసి కొనండి. లేఅవుట్‌కు కుడా (కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా, పంచాయతీ కాగితమేనా అన్నది తేల్చుకోండి. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే కాగితం) తీయించి, లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల పత్రాలు) తెలిసిన లాయరుకు చూపించండి. పాత వాగు, కుంట పూడ్చి వేసిన వెంచరేమో చుట్టుపక్కల గొర్రెలు కాసేవాళ్ళను అడిగితే చెప్తారు. వాళ్ళకు ఆ నేల పత్రాలకన్నా బాగా తెలుసు.

పిల్లల చదువు అయ్యేదాకే ఉండి తిరిగి ఊరికి పోవాలన్న ఆలోచన ఉన్నవాళ్ళు కొనాల్సిన పని లేదు. ఆ డబ్బు ఊళ్ళో బోరుకో, పిల్లల ఫీజుకో పనికొస్తుంది.

## ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు

ఒక్కసారి చూసి అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఒకసారి కుళాయి వచ్చే టైముకు వెళ్ళండి, వీధిలో ఆడవాళ్ళంతా అక్కడే ఉంటారు, అడక్కుండానే అన్నీ తెలుస్తాయి. ఇంకోసారి మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి పడగ్గదిలో పది నిమిషాలు ఫ్యాను లేకుండా కూర్చోండి. మూడోసారి రాత్రి తొమ్మిదికి, ఇంట్లో ఆడవాళ్ళను తీసుకెళ్ళి ఆటో దిగే చోటి నుంచి ఇంటి దాకా నడవండి. సంపు మూత తీయించి లోతు చూడండి. దాని మీద ఎన్ని పోర్షన్లు ఆధారపడ్డాయో లెక్కపెట్టండి. నీళ్ళు ఒక సీసాలో పట్టుకుని ఇంట్లో పప్పు ఉడికించి చూడండి, ఉడక్కపోతే గట్టినీళ్ళని అర్థం.

కులం, మతం, తిండి అడిగి ఇల్లివ్వని ఓనర్లు ఇంకా ఉన్నారు. ఒంటరి ఆడవాళ్ళకు, పెళ్ళికాని కుర్రాళ్ళకు ఈ బాధ మరీ ఎక్కువ. మంచి ఇల్లని తల వంచుకుని అలాంటిచోట చేరితే రోజూ వంటింటి వాసన గురించి, వచ్చే చుట్టాల గురించి మాట పడాల్సి వస్తుంది. నాలుగు రోజులు ఆలస్యమైనా మర్యాదగా మాట్లాడిన ఓనర్ ఇంటికే వెళ్ళమని మా మేనత్త కొడుకుతో చెప్పాను. వాడికి బళ్ళారి చౌరస్తా దగ్గర, బస్టాండుకు నడిచిపోయే దూరంలో, కింది పోర్షన్ దొరికింది. 2009లో ఆ వీధికి నీళ్ళు రాలేదని ముగ్గురిని అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టాడు. శనివారం సాయంత్రం పిల్లను ఆదోని బస్సు ఎక్కించి వచ్చి నాకు ఫోన్ చేస్తుంటాడు.